ఒక దేశం ఈయూలో చేరాలంటే: కావలిలో మా క్లాసు నడిచిన దారి

నేను కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. అంతర్జాతీయ సంబంధాల పేపర్‌లో ప్రాంతీయ సంస్థల యూనిట్ ఒకటి ఉంది. దక్షిణాసియా దేశాల సార్క్, ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్, ఐరోపా దేశాల యూరోపియన్ యూనియన్ (ఈయూ) మూడింటినీ కలిపి చెప్పేసి ముందుకెళ్లడమే మామూలు. పరీక్షలో వచ్చేవి కూడా ఎప్పుడు ఏర్పడింది, ఎన్ని సభ్య దేశాలున్నాయి అనే ప్రశ్నలే. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక మాత్రం పిల్లలు ఇంకో ప్రశ్న వేయడం మొదలుపెట్టారు. యుద్ధం మొదలైన నాలుగు రోజులకే, 2022 ఫిబ్రవరి 28న, ఉక్రెయిన్ ఈయూ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. "మరి ఎందుకు చేర్చుకోలేదు మేడమ్? చేరాలంటే ఏం చెయ్యాలంట?" అని అడిగారు.

దానికి బోర్డు మీద నాలుగు పాయింట్లు రాసి ఊరుకోబుద్ధి కాలేదు. క్లాసు మొత్తం ఆ దారిలో నడిస్తేనే తెలుస్తుందనిపించింది. ఒక ఊహా దేశాన్ని పెట్టుకున్నాం. పేరేమీ పెట్టలేదు, 'మన దేశం' అనే పిలిచాం. అది ఐరోపాలో సముద్రం ఒడ్డున ఉందనుకోవాలి, కానీ అక్కడి జనం బతుకు మాత్రం మనదే: వరి, రొయ్యలు, నిమ్మ, మెట్ట మీద పొగాకు. పిల్లలు రోజూ ఇంట్లో చూసే పనుల మీదకి ఒక చట్టం వచ్చిపడితే తప్ప దాని బరువు వాళ్లకు తెలియదని నా నమ్మకం. ఒక జట్టు ఆ దేశ ప్రభుత్వం, ఒక జట్టు ఈయూ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్, మిగతావాళ్లు 27 సభ్య దేశాలు. మంది చాలక ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి దేశాలు ఇచ్చాను.

మొదట చదివింది యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 49వ అధికరణం. దరఖాస్తు పెట్టడానికి అది అడిగేవి రెండే. అది ఐరోపా దేశమై ఉండాలి. 2వ అధికరణంలో ఉన్న విలువలను, అంటే మానవ గౌరవం, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, సమానత్వం, చట్టబద్ధ పాలన, మైనారిటీలతో సహా అందరి హక్కులు, గౌరవించాలి. మొదటి షరతు దగ్గర ఆగిపోయిన దేశం మొరాకో. 1987లో అడిగితే, మీరు ఐరోపాలో లేరు కదా అని తిప్పి పంపారు. అదే ఏడాది అడిగిన టర్కీ దరఖాస్తును మాత్రం తీసుకున్నారు. టర్కీ 1999లో అభ్యర్థి దేశమైంది, 2005లో చర్చలు మొదలయ్యాయి, 2018 నుంచి అవి కదలడం లేదు. ఈ మాట విన్నప్పుడే పిల్లల ముఖాలు మారాయి. దరఖాస్తు తీసుకోవడానికీ చేర్చుకోవడానికీ మధ్య అంత దూరం ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

దరఖాస్తు వెళ్లేది సభ్య దేశాల మంత్రులుండే కౌన్సిల్‌కి. కౌన్సిల్ కమిషన్‌ను అభిప్రాయం అడుగుతుంది. కమిషన్ ఒక ప్రశ్నావళి పంపుతుంది. మా కమిషన్ జట్టు ఒకటిన్నర పేజీ ప్రశ్నలు రాసుకొచ్చింది. అసలు ప్రశ్నావళి ఎంత ఉంటుందో అప్పుడు చెప్పాను. బోస్నియా-హెర్జెగోవినాకు 2016 డిసెంబర్‌లో అందిన ప్రశ్నలు 3,242. జవాబులు తిరిగి వెళ్లింది 2018 ఫిబ్రవరిలో. ఆ దేశంలో అధికారం జాతుల వారీగా, ప్రాంతాల వారీగా పంచుకుని ఉంది. ఒక్కో జవాబు మీద అన్ని స్థాయిల ప్రభుత్వాలూ ఒక మాట మీదకి రావాలి. కోర్టులు ఎలా నడుస్తాయి, పశువుల డాక్టర్లు ఎంతమంది, ఎలక్ట్రిసిటీ రేటు ఎవరు నిర్ణయిస్తారు, అన్నీ అడుగుతారు. నా దృష్టిలో ఆ దేశం తనను తాను తెలుసుకునే మొదటి అవకాశం ఇదే.

ఇక అసలు కొలబద్దలు. వీటిని కోపెన్‌హేగన్ ప్రమాణాలు అంటారు. 1993 జూన్‌లో ఆ నగరంలో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో ఖరారు చేశారు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు ఐరోపా దేశాలన్నీ ఒకేసారి తలుపు తట్టేసరికి, అందరికీ వర్తించే షరతులు కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. మొదటిది రాజకీయం: ప్రజాస్వామ్యానికీ, చట్టబద్ధ పాలనకూ, మానవ హక్కులకూ, మైనారిటీల రక్షణకూ పూచీ ఇచ్చే స్థిరమైన సంస్థలు ఉండాలి. రెండోది ఆర్థికం: మార్కెట్ వ్యవస్థ పనిచేస్తూ ఉండాలి, యూనియన్ లోపలి పోటీని తట్టుకోగలగాలి. మూడోది, యూనియన్ ఇప్పటిదాకా చేసుకున్న చట్టాలన్నింటినీ తనవిగా చేసుకోగలగాలి. 1995లో మాడ్రిడ్ సమావేశం ఇంకో మాట కలిపింది: ఆ చట్టాలను నడిపే యంత్రాంగం కూడా ఉండాలని. ఇవి కాక కోపెన్‌హేగన్ తీర్మానంలోనే ఒక వాక్యం ఉంది, చాలా నోట్సుల్లో అది కనపడదు. కొత్త దేశాన్ని ఇముడ్చుకునే శక్తి యూనియన్‌కు ఉందా అన్నది కూడా చూసుకోవాలి. అంటే అభ్యర్థి తన పని మొత్తం చేసినా, అవతలివాళ్లు 'మాకే ఇంకా వీలు కాలేదు' అనే అవకాశం మొదటి నుంచీ రాసిపెట్టి ఉంది.

మొదటి ప్రమాణం మా ప్రభుత్వ జట్టుకు సులువనిపించింది. "ఎన్నికలు పెడతాం మేడమ్, అయిపోతుంది" అన్నాడు ప్రధాని పాత్ర వేసిన అబ్బాయి. అప్పుడు బోస్నియా కేసు చెప్పాను. అక్కడ దేశాధ్యక్ష మండలికి బోస్నియాక్, సెర్బ్, క్రొయేట్ వర్గాలవారే పోటీ చేయాలి. రోమా అనే మైనారిటీ వర్గానికి చెందిన సెయ్‌దిచ్, యూదుడైన ఫిన్సీ స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. అది వివక్షేనని 2009లో తీర్పు వచ్చింది. ఎన్నికలు జరుగుతున్నా, కొందరు పౌరులు పుట్టుక వల్లనే పోటీకి పనికిరాకపోతే ఆ ప్రజాస్వామ్యంలో లోటు ఉన్నట్టే. క్లాసు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినప్పుడు మన ఊళ్ల గురించి మాట్లాడారు, ఎవరు ఎక్కడ నిలబడగలరు, ఎవరు నిలబడలేరు అని. ఆ చర్చను నేను ఆపలేదు.

తర్వాత చాప్టర్లు. యూనియన్ చట్టసంపుటి వేల పేజీలు. దాన్ని 35 చాప్టర్లుగా విడగొట్టారు. 2020 నుంచి వాటిని ఆరు క్లస్టర్లుగా కట్టారు. మొదట స్క్రీనింగ్: అభ్యర్థి దేశపు ప్రతి చట్టాన్నీ యూనియన్ చట్టం పక్కన పెట్టి తేడా ఎంతుందో చూస్తారు. ఆ తర్వాత ఒక్కో చాప్టర్ తెరవాలి, షరతులు నెరవేర్చాలి, తాత్కాలికంగా మూయాలి. తాత్కాలికంగా అనే మాట ముఖ్యం, ఎందుకంటే చివరి సంతకం దాకా మూసినదాన్ని మళ్లీ తెరవొచ్చు.

12వ చాప్టర్ ఆహార భద్రత, పశువుల ఆరోగ్యం. 13వది చేపల వేట. ఇవి రెండూ మా క్లాసులో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం తీసుకున్నాయి. ఈ ప్రాంతంలో తీసుకోకపోతేనే ఆశ్చర్యం. అల్లూరు వైపు నుంచి వచ్చే అమ్మాయి వాళ్లకు రొయ్యల గుంటలున్నాయి, ఆమె అన్న ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పని చేస్తాడు. కమిషన్ జట్టు నుంచి లేచి ఆమె అడిగిన ప్రశ్నలు నేను అడగగలిగేవి కావు. "మీ దేశంలో సీడ్ యాడ నుంచి వచ్చిందో రాసిపెడతారా? ఏ హేచరీ, ఏ గుంట, ఏ రోజు పట్టుబడి? మందు వాడితే ఎవరు చూస్తారు? క్లోరాంఫెనికాల్ పరీక్ష చేసే ల్యాబ్ ఎన్ని గంటల దూరం?" ప్రధాని దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "చట్టం చేస్తాం" అన్నాడు. "చట్టం కాదు, ల్యాబ్ చూపించండి, అందులో మనుషుల్ని చూపించండి" అంది.

ఆ పిల్ల ఎందుకు అంత గట్టిగా అడిగిందో మా వాళ్లందరికీ తెలుసు. క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయోటిక్ అవశేషాల భయంతో 2016 నుంచి ఈయూ తన సరిహద్దు దగ్గర మన ఆక్వా సరుకులో కనీసం సగం కన్‌సైన్‌మెంట్లను పరీక్షించాలని పెట్టింది. అంతకుముందు అది పది శాతమే. పరీక్ష పెరిగితే ఖర్చు పెరుగుతుంది, సరుకు వెనక్కొస్తే దెబ్బ గుంట దాకా వస్తుంది. బయట నుంచి సరుకు అమ్మే మనకే ఇంత ఉంటే, లోపలికి వచ్చేసే దేశం ఎంత చూపించాలో ఆలోచించండి. లోపలికి వచ్చాక సరిహద్దులో ఆపి చూసే పరీక్ష ఉండదు. నెల్లూరు రొయ్య పారిస్ బజారుకు వెళ్లడమంటే కావలి నుంచి ఒంగోలుకు వెళ్లినట్టే. అందుకే ముందే ఇంత పట్టుదల. ఇది వాళ్ల అహంకారం కాదని, ఒకే బజారు పంచుకునేవాళ్లు ఒకరినొకరు నమ్మాల్సిన అవసరమని ఆ రోజు పిల్లలకు అర్థమైంది.

జువ్వలదిన్నె వైపు మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి 13వ చాప్టర్ తీసుకున్నాడు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట విరామం ఉంటుంది కదా, దాన్నే ఉదాహరణగా పెట్టుకుని మాట్లాడాడు. ఏ బోటు ఎంత పట్టిందో రేవులో ఎవరు లెక్క రాస్తారు, ఆ లెక్క ఎవరికి పంపుతారు, విరామం రోజుల్లో వేటకు వెళ్లని కుటుంబానికి డబ్బు ఎప్పుడు అందుతుంది, ఇవన్నీ అడిగాడు. పొగాకు పండించే కొండపి వైపు అమ్మాయికి పన్నుల చాప్టర్, వినియోగదారుల ఆరోగ్యం చాప్టర్ వచ్చాయి. ఆమె ఇంట్లో వాళ్లతో కూడా మాట్లాడి వచ్చింది. సిగరెట్ మీద పన్నుకు కనీస స్థాయి యూనియన్ నిర్ణయిస్తుందని తెలిసి వాళ్ల నాన్న మొదట కోప్పడ్డాడట.

ఇక్కడే ఒక అపోహ పోయింది. చర్చలు అనగానే బేరం అనుకుంటాం. ఇందులో బేరానికి చోటు చాలా తక్కువ. చట్టం ఏమిటనేది మాట్లాడుకోరు, దాన్ని ఎప్పటికల్లా అమలు చేస్తారన్నదే మాట్లాడుకుంటారు. కొన్నింటికి గడువు దొరుకుతుంది. 2004లో పోలండ్ వ్యవసాయ భూమిని విదేశీయులకు అమ్మే విషయంలో గడువు తీసుకుంది. గడువు పాత సభ్యులు కూడా తీసుకుంటారు: కొత్త దేశాల కార్మికులను గరిష్ఠంగా ఏడేళ్లదాకా తమ ఉద్యోగాల బజారులోకి పూర్తిగా రానివ్వకుండా ఆపుకోవచ్చు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లున్న ఇళ్ల పిల్లలకు ఇది బాగా ఎక్కింది.

23, 24 చాప్టర్లు, అంటే న్యాయవ్యవస్థ, ప్రాథమిక హక్కులు, శాంతిభద్రతలు, ముందు తెరిచి చివర మూస్తారు. దీనికి కారణం అనుభవమే. రొమేనియా, బల్గేరియాలను 2007లో చేర్చుకున్నాక కూడా వాటి కోర్టుల మీద, అవినీతి మీద నిఘా ఏళ్ల తరబడి పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన క్రొయేషియాకు ముందే గట్టిగా బిగించారు. అంతకుముందే, 2005 మార్చిలో, దానితో చర్చలు మొదలు కావాల్సింది. యుద్ధ నేరాల అభియోగం ఉన్న క్రొయేషియా జనరల్ గొటోవినా విషయంలో, మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించే హేగ్ ట్రిబ్యునల్‌కు పూర్తిగా సహకరించడం లేదని ఆపేశారు, అక్టోబర్‌లో గానీ మొదలవలేదు. (2012లో అప్పీలులో ఆయన్ని నిర్దోషిగా తేల్చారు, అది వేరే కథ.) చర్చలు సాగుతున్న రోజుల్లోనే మాజీ ప్రధాని ఐవో సనాదర్ 2010లో అవినీతి కేసులో అరెస్టయ్యారు. సొంత దేశపు మాజీ ప్రధాని మీద సొంత దేశపు దర్యాప్తు విభాగం కేసు పెట్టగలిగే స్థితి రావడం మామూలు విషయం కాదు. చట్టబద్ధ పాలన అంటే ఏమిటని పరీక్షలో అడిగితే నేను ఈ ఉదాహరణే రాయమంటాను.

ఇదంతా ఒక ఎత్తు. అసలు ఉత్కంఠ ఓటింగ్ దగ్గర వచ్చింది. దరఖాస్తు, అభ్యర్థి హోదా, చర్చలు మొదలుపెట్టడం, ఒక్కో చాప్టర్ తెరవడం, మూయడం, ప్రతి మెట్టు దగ్గరా సభ్య దేశాలన్నీ సరేననాలి. ఒక్కరు కాదంటే ఆగిపోతుంది. మా క్లాసులో సైప్రస్, మాల్టా, లక్సెంబర్గ్ మూడూ పట్టుకున్న అమ్మాయి సాధారణంగా మాట్లాడదు, వెనక బెంచీలో కూర్చుంటుంది. ప్రభుత్వ జట్టు చాప్టర్ పని బాగా చేసుకొచ్చింది, కమిషన్ కూడా మెచ్చుకుంది, 26 దేశాలు చేతులెత్తాయి. ఆమె సైప్రస్ తరఫున ఎత్తలేదు. "మా సైప్రస్‌కు వాళ్ల ఓడరేవుతో ఒక గొడవ ఉంది, అది తేలేదాకా ఒప్పుకోను" అంది. క్లాసు గోలగోల అయింది. "ఇది అన్యాయం మేడమ్, పరీక్ష పాసయ్యాం కదా" అని ప్రధాని నా దగ్గరికి వచ్చాడు.

అన్యాయమే అనిపిస్తుంది. కానీ నిబంధన అదే. పిరాన్ అఖాతం దగ్గర సముద్ర సరిహద్దు గొడవతో స్లోవేనియా 2008 చివర నుంచి 2009 సెప్టెంబర్ దాకా క్రొయేషియాను ఆపింది. ఉత్తర మాసిడోనియా కథ ఇంకా బాధగా ఉంటుంది. 2004లో దరఖాస్తు పెట్టింది, 2005 డిసెంబర్‌లో అభ్యర్థి దేశమైంది. 'మాసిడోనియా' అన్న పేరు మా ప్రాంతానిది, మీరు పెట్టుకోకూడదని గ్రీస్ అడ్డుపడింది. ఏళ్ల తరబడి ఆగి, 2018లో ప్రెస్పా ఒప్పందం చేసుకుని, 2019 ఫిబ్రవరిలో దేశం పేరే మార్చుకుంది. ఆ అక్టోబర్‌లో, ముందు చేర్చుకునే పద్ధతే మార్చాలని ఫ్రాన్స్ ఆపింది. మరుసటి ఏడాది భాష, చరిత్ర గొడవలతో బల్గేరియా ఆపింది. 2022 జులైలో మొదటి సమావేశం జరిగింది గానీ, రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేరిస్తేనే తర్వాతి మెట్టు అన్నారు. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఈ దేశమే. అర్హత అనే మాటను పొరుగువాడి పాత పగతో కొలవడం తప్పని నేను గట్టిగా అనుకుంటాను. కోర్టులు బాగుచేయమనండి, ల్యాబులు చూపించమనండి, అది న్యాయం. దేశం పేరు మార్చుకుని వచ్చాక కూడా ఇంకో షరతు పెడితే, ఆ దేశంలో సంస్కరణల వైపు నిలబడ్డ నాయకుడు తన జనానికి ఏం చెప్పుకోవాలి?

ఈ వీటోను, అంటే ఒక్క దేశమే అడ్డుకోగల హక్కును, దాటే దారి కూడా ఒక్కోసారి దొరుకుతుంది. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌తో చర్చలు మొదలుపెట్టాలా అన్న చోట హంగరీ ప్రధాని ఓర్బాన్ వ్యతిరేకించారు. ఆయన గదిలోంచి బయటికి వెళ్లారు, మిగతా 26 మంది నిర్ణయం తీసుకున్నారు. 2024 జూన్‌లో ఉక్రెయిన్, మాల్డోవాలతో చర్చలు లాంఛనంగా మొదలయ్యాయి. ఇది చెప్పగానే మా వాళ్లు సైప్రస్ అమ్మాయిని టీకి తీసుకెళతామన్నారు. ఆమె కదలలేదు. చివరికి ఓడరేవు గొడవను ఒక మధ్యవర్తిత్వ మండలికి ఒప్పగించేలా ఒప్పందం రాయించుకుని చెయ్యెత్తింది. స్లోవేనియా, క్రొయేషియా కూడా చేసింది అదే.

ఈ గొడవ మధ్యలో ఒకడు మంచి ప్రశ్న వేశాడు. "మన ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఇట్టా అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవాల్సి వచ్చిందా మేడమ్?" పొట్టి శ్రీరాములు పేరున్న జిల్లాలో ఈ ప్రశ్న రావడం సహజం. రాలేదు. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంట్ మామూలు మెజారిటీతో కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచగలదు. సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయాన్ని రాష్ట్రపతి అడుగుతారు, అంతే. 1953లో ఆంధ్ర అలాగే వచ్చింది. మనది ఒకే దేశం లోపల గీతలు మార్చుకోవడం. అక్కడ ప్రతి సభ్యుడూ సార్వభౌమ దేశం, తన ఇంట్లోకి ఎవరు రావాలో తనే చెప్పాలి. 'యూనియన్' అని రెంటినీ పిలిచినా పునాది వేరు. ఆ తేడా తెలిశాక వీటో మీద వాళ్ల కోపం కాస్త తగ్గింది. నాది తగ్గలేదు.

చాప్టర్లన్నీ మూశాక చేరిక ఒప్పందం. యూరోపియన్ పార్లమెంట్ మొత్తం సభ్యుల్లో మెజారిటీ ఆమోదించాలి, కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, తర్వాత ప్రతి సభ్య దేశం తన రాజ్యాంగం ప్రకారం ధ్రువీకరించాలి. అభ్యర్థి దేశం సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ పెడుతుంది. నార్వే 1972లోనూ 1994లోనూ సంతకం పెట్టి వచ్చింది, రెండుసార్లూ జనం వద్దన్నారు. 2012 జనవరిలో క్రొయేషియాలో ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అవునన్నారు, 2013 జులై 1న సభ్య దేశమైంది. దరఖాస్తు పెట్టి అప్పటికి పదేళ్లు. ఆ తర్వాత కొత్తగా ఎవరూ చేరలేదు, 2020లో బ్రిటన్ బయటికి వెళ్లింది.

ధ్రువీకరణలో మాకు ఇంకో మలుపు వచ్చింది. ఫ్రాన్స్ రాజ్యాంగం 88-5 అధికరణం ప్రకారం కొత్త దేశం చేరిక మీద జనాభిప్రాయం అడగాలి. పార్లమెంట్ ఉభయ సభలూ అయిదింట మూడొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆ పని పార్లమెంట్‌లోనే ముగించొచ్చు. మా ఫ్రాన్స్ అబ్బాయి జనం దగ్గరికే వెళతానన్నాడు. పక్క క్లాసు బీకాం పిల్లల్ని ఫ్రాన్స్ ఓటర్లుగా తీసుకొచ్చాం. వాళ్లకు చాప్టర్లు తెలియవు, కోపెన్‌హేగన్ తెలియదు. ఒకడు లేచి, "వాళ్ల రొయ్యలు పన్ను లేకుండా వస్తే మన రేటు ఏం కావాలి?" అన్నాడు. ప్రధాని అబ్బాయి ల్యాబుల గురించి, కోర్టుల గురించి చెబుతుంటే ఎవరూ వినలేదు. అల్లూరు అమ్మాయి లేచి, మీ ఫ్రాన్స్ వాళ్లు తినే రొయ్యల్లో ఎక్కువ భాగం బయట నుంచి కొనేవే కదా, అప్పుడు ఏ గుంటలో పెరిగిందో తెలియనిది తినే బదులు మీ చట్టం కింద పెరిగింది తినండి అంది. స్వల్ప తేడాతో గట్టెక్కాం.

రాబోయే బ్యాచ్‌తో ఆగ్నేయాసియాలోని చిన్న దేశం తిమోర్-లెస్టెను తీసుకోవాలనుకుంటున్నాను. అది 2011లో ఆసియాన్‌కు దరఖాస్తు పెట్టి, 2025 అక్టోబర్‌లో కౌలాలంపూర్‌లో 11వ సభ్య దేశమైంది. ఆసియాన్ చార్టర్ 6వ అధికరణం నాలుగే అడుగుతుంది: ఆగ్నేయాసియాలో ఉండటం, సభ్యులందరి గుర్తింపు, చార్టర్‌కు కట్టుబడటం, బాధ్యతలు మోయగల శక్తీ సుముఖతా. 35 చాప్టర్లు లేవు, అయినా పద్నాలుగేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో ఈసారి పిల్లలనే ముందు వెతికి రమ్మన్నాను.